కోర్టు మెట్ల మీద కాదు, మీడియేషన్ బల్ల దగ్గర: బెంగళూరు తెలుగువాళ్ల కుటుంబ తగాదాలకు సమగ్ర మార్గదర్శి

అనంతపురం, చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో కాపురం పెట్టిన జంట విడిపోయే దాకా వస్తే తగాదా ఒక్కచోట ఉండదు. విడాకుల కేసు బెంగళూరులో, 498ఏ కేసు (భార్యను హింసించారన్న క్రిమినల్ కేసు, కొత్త న్యాయ సంహితలో 85వ సెక్షన్) ఊళ్లో పోలీస్ స్టేషన్లో, భరణం కేసు పుట్టింటి దగ్గరి కోర్టులో నడుస్తుంటాయి. ఒక్కో వాయిదాకి ఒక్కో రాత్రి బస్సు. వీటన్నింటినీ ఒకే బల్ల మీదికి తెచ్చి ఒకేసారి తేల్చుకునే వీలు మీడియేషన్‌లో, అంటే మధ్యవర్తి సాయంతో ఇద్దరూ మాట్లాడుకుని రాజీకి రావడంలో, ఉంది. బల్ల దగ్గర ఒప్పుకోవడం సగం పనే. ఒప్పుకున్నదాన్ని రేపు అమలయ్యేలా కాగితం మీద పెట్టడం మిగతా సగం. మీడియేషన్‌లో కుదిరిన రాజీలు తర్వాత చెడితే ఎక్కువగా ఈ రెండో సగంలోనే చెడతాయి. అందుకే ఇక్కడ కాగితం గురించే ఎక్కువ చెప్పాం.

పంచాయితీకి, దీనికి తేడా

మనవాళ్లకు పెద్దమనుషుల పంచాయితీ అలవాటు. రెండువైపులా నలుగురు కూర్చుంటారు, ఊళ్లో మాట చెల్లే పెద్దాయన చివర్లో "ఇంత ఇచ్చి తెంచుకోండి" అని తీర్పు చెప్తాడు. మీడియేటర్ తీర్పు చెప్పడు. ఎవరిది తప్పో తేల్చడం ఆయన పని కాదు. ఇద్దరిలో ఒకరు వద్దన్నా అక్కడితో ఆగిపోతుంది, కేసు తిరిగి కోర్టుకు వెళ్తుంది. అలా ఆగినందుకు కోర్టులో మీకు నష్టం ఉండదు. మీడియేటర్ కోర్టుకు పంపే నివేదికలో కుదిరిందా కుదరలేదా అన్నదే ఉండాలి, ఎవరు ఏమన్నారో ఉండకూడదని సుప్రీంకోర్టు 2010లో మోతీ రామ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. పిల్లల కస్టడీ విషయంలో బిడ్డతో మాట్లాడిన కౌన్సెలర్ ఇచ్చే నివేదికను కోర్టు చూడవచ్చని 2019లో పెర్రీ కన్సాగ్రా కేసులో అదే కోర్టు అన్నది.

ఇంకో మాట. ఊళ్లో పెద్దల ముందు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించిన 'విడాకుల పత్రం'తో హిందూ వివాహ చట్టం కింద పెళ్లి రద్దు కాదు. అది నమ్మి రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు ద్విభార్యత్వం కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. బల్ల దగ్గర ఎంత బాగా కుదిరినా విడాకులు ఇచ్చేది ఫ్యామిలీ కోర్టే.

ముందు తేల్చుకోవలసింది: ఇది మీకు పనికొస్తుందా

ఇంట్లో కొట్టడం ఇంకా ఆగలేదు, ఎదుటి మనిషి గదిలో ఉంటే నోరు పెగలదు అనుకుంటే మీడియేషన్ మొదటి మెట్టు కాదు. ముందు 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోండి. అత్యవసరమైతే 112, మహిళలకు 181. రక్షణ దొరికాక కూర్చోవచ్చు, అప్పుడు కూడా వేరువేరు గదుల్లో కూర్చోబెట్టమని అడగవచ్చు.

ఆస్తి దాస్తున్నారని గట్టి అనుమానం ఉంటే పద్ధతి వేరు. ముందు కోర్టులో మధ్యంతర భరణం దరఖాస్తు వేసి, ఆస్తులూ అప్పుల అఫిడవిట్ (ప్రమాణపత్రం) బయటికి వచ్చాక మీడియేషన్‌కు రండి. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పుతో భరణం కేసుల్లో ఇద్దరూ ఈ అఫిడవిట్ ఇవ్వడం తప్పనిసరైంది. అంకెలు తెలియకుండా బేరానికి కూర్చుంటే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది.

ఏ తలుపు తట్టాలి

కేసు ఇప్పటికే నడుస్తుంటే దారి సులువు. బెంగళూరు ఫ్యామిలీ కోర్టు, బెంగళూరు మీడియేషన్ సెంటర్ రెండూ హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలోనే ఉన్నాయి. రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత అని 1984 చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. జడ్జి తనంతట తానే పంపవచ్చు, లేదా మీ లాయరు ఒక మెమో వేసి పంపమని కోరవచ్చు. 2007లో మొదలైన ఈ సెంటర్‌లో కోర్టు పంపిన కేసులకు మీడియేటర్ ఫీజు మీరు కట్టక్కర్లేదు. సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది, అవసరమైతే మరో 30 రోజులు పొడిగిస్తారు.

కేసు ఇంకా వేయకపోతే జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థకు వెళ్లి కేసుకు ముందే మీడియేషన్ కోరవచ్చు. కేసుకు ముందే మీడియేషన్ చేసే డెస్కులు పెట్టి ప్రచారం చేయాలని 2013లో కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ వాళ్లు దారి చెప్తారు. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది.

మూడోది ప్రైవేటు మీడియేటర్. గంటకో సిట్టింగ్‌కో ఫీజు ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లు, ఆస్తుల లెక్క పెద్దగా ఉన్నవాళ్లు ఈ దారిలో వెళ్తే సమయం కలిసొస్తుంది. ఫీజు ఎంత, ఎవరు కడతారు, ఎన్ని సిట్టింగ్‌లు అన్నది మొదటి రోజే రాసుకోండి. 2023 మీడియేషన్ చట్టంలోని సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు. కాబట్టి ఆ చట్టం కింద మీ ఒప్పందానికి డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) బలం ఉందనుకునే ముందు, సంతకం నాటికి ఏ సెక్షన్ నడుస్తోందో లాయరుతో చూసుకోండి.

భాష గురించి మొహమాటపడకండి. "తెలుగు తెలిసిన మీడియేటర్ కావాలి" అని మొదట్లోనే అడగండి. బెంగళూరులో తెలుగు మాట్లాడే లాయర్లకు కొదవ లేదు. అన్నేళ్ల బాధను అలవాటు లేని ఇంగ్లీషులో చెప్పుకోవాలంటే మాట సగం గొంతులోనే ఆగిపోతుంది.

ఫైలు: వెళ్లే ముందు రెండు వారాల పని

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తీసుకుని ఈ కాగితాలు సర్దండి:

- పెళ్లి పత్రిక, ఫొటో, రిజిస్ట్రేషన్ ఉంటే సర్టిఫికెట్, పిల్లల జనన ధృవపత్రాలు
- మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఆరు నెలల పే స్లిప్పులు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు
- పీఎఫ్ పాస్‌బుక్, కంపెనీ షేర్లు ఉంటే వాటి స్టేట్‌మెంటు
- ఇంటి లోన్, కారు లోన్, గోల్డ్ లోన్ బాకీల వివరం
- బిడ్డ స్కూల్ ఫీజు రసీదులు
- నడుస్తున్న అన్ని కేసుల జాబితా

చివరి అంశం దగ్గర ఒక చిక్కుంది. బెంగళూరు ఫ్యామిలీ కోర్టులో 'ఎం.సి.' అంటే వివాహ కేసు, అంటే విడాకుల పిటిషన్. ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో అదే 'ఎం.సి.' అంటే భరణం కేసు. అక్కడ విడాకులది 'ఓ.పి.' అవుతుంది. ఒప్పందంలో "ఎం.సి. కేసు ఉపసంహరించుకుంటాం" అని ఊరికే రాస్తే ఏ రాష్ట్రంలో ఏ కేసో తర్వాత తెలియదు. ప్రతి కేసుకూ నంబరు, సంవత్సరం, కోర్టు, ఊరు, ఏ చట్టం కింద అన్నది ఒక్కో వరుసలో రాయండి.

బంగారం జాబితా వేరుగా పెట్టండి. వస్తువు పేరు, గ్రాముల బరువు, ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అని నాలుగు గడులు చాలు. "ముప్పై తులాలు పెట్టాం" అంటే ఎదుటివాళ్లు "పదిహేనే" అంటారు, సిట్టింగ్ అంతా దానికే పోతుంది. పెళ్లి ఫొటోల్లో నగలు కనిపించేవి నాలుగు తీసుకెళ్తే వాదన చాలావరకు చల్లారుతుంది. పెళ్లికి ఆమెకు ఇచ్చిన నగలు స్త్రీధనం, అవి ఆమె సొంతమేనని 1985లో ప్రతిభారాణి కేసులో తేలిపోయింది. వాటిని భరణం మొత్తంలో కలిపి చూపించనివ్వకండి. పసుపుకుంకుమ కింద అమ్మాయి పేర రాసిచ్చిన పొలం ఉంటే పాస్‌బుక్ నకలు కూడా తెచ్చుకోండి. అలాంటి పొలాన్ని ఇంటి కోసమో వ్యాపారం కోసమో అమ్మి ఉంటే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో బ్యాంకు ఎంట్రీతో చూపించాలి.

సిట్టింగ్ రోజు

మొదట అందరినీ కలిపి కూర్చోబెట్టి నియమాలు చెప్తారు. తర్వాత విడివిడిగా మాట్లాడతారు. ఆ విడి మాటల్లో మీరు చెప్పిందేదీ మీ అనుమతి లేకుండా అవతలికి చేరదు. అసలు విషయం దాచకుండా చెప్పవలసిన చోటు ఇదే. మీ ఆఖరి అంకె ఏమిటో, ఏది వదులుకోగలరో, ఏది ప్రాణం పోయినా వదలరో ఇక్కడ చెప్పండి. ఫోనులో రికార్డు చేయకండి.

అమ్మానాన్నలు, బావలు బయట బెంచీ మీద కూర్చోవడం మంచిది. లోపలికి వస్తే పాత మాటలు తవ్వుతారు. అయితే డబ్బు కట్టేది మామగారి చేతిలో ఉంటే, ఆఖరి సిట్టింగ్‌కు ఆయన్ని లోపలికి పిలవక తప్పదు. లేకపోతే ఇంటికెళ్లాక "మా నాన్న ఒప్పుకోలేదు" అన్న మాట వస్తుంది.

విషయాల వరుస కూడా చెప్పుకోవాలి. బిడ్డతో మొదలుపెట్టండి. తర్వాత నగలు, సామాన్లు. ఆ తర్వాత ఇల్లు, లోను. ఒకేసారి ఇచ్చే డబ్బు ఆఖరున. డబ్బుతో మొదలుపెడితే బిడ్డ కూడా బేరంలో వస్తువైపోతుంది. మీడియేటర్ డబ్బుతోనే మొదలుపెడితే మర్యాదగా ఆపి, బిడ్డ విషయం ముందు తేల్చమని అడగవచ్చు.

కలిసి ఉండాలనే నిర్ణయం వచ్చినా కాగితం కావాలి. ఎక్కడ కాపురం, అత్తమామలు ఎన్నాళ్లు ఉంటారు, జీతం ఏ ఖాతాలో, కొత్తగా గొడవ వస్తే ఎవరికి ముందు ఫోన్ అన్నది రాయండి. మొదటి రోజే కేసులన్నీ ఉపసంహరించుకోవడానికి తొందరపడకుండా మూడు నెలలు వాయిదా అడిగి చూడటం ఇద్దరికీ క్షేమం.

క్లాజు రాయడం: ఇక్కడే చెడేది

ఒప్పందంలోని ఒక్కో షరతునే క్లాజు అంటారు. చెడ్డ క్లాజు ఇలా ఉంటుంది: "తండ్రి పాపను అప్పుడప్పుడు చూసుకోవచ్చు." మొదటి నెలలోనే 'అప్పుడప్పుడు' అంటే ఎన్నిసార్లో తగువు. పనికొచ్చే క్లాజు ఇలా ఉండాలి:

"నెలలో మొదటి, మూడో శనివారం ఉదయం 10 గంటల నుంచి ఆదివారం సాయంత్రం 6 దాకా పాప తండ్రి దగ్గర ఉంటుంది. తండ్రే తల్లి అపార్ట్‌మెంటు గేటు దగ్గర తీసుకుని అక్కడే దింపుతాడు. పాపకు ఒంట్లో బాగాలేకపోతే తల్లి ముందురోజు రాత్రి 8లోపు మెసేజ్ చేస్తుంది. ఆ వారానికి బదులు తర్వాతి శనివారం ఇస్తుంది."

పండుగలు వేరుగా రాయండి. సంక్రాంతికి తాతయ్య ఊరు వెళ్లి రావడానికి ప్రయాణానికే రెండు రోజులు పోతాయి, బెంగళూరు స్కూళ్లలో సెలవు అన్ని రోజులు ఉండకపోవచ్చు. కాబట్టి దసరా సెలవుల్లో సగం, వేసవిలో సగం తండ్రికి, సంక్రాంతి ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు అన్న లెక్క నడుస్తుంది. రోజూ వీడియో కాల్‌కు ఒక వేళ పెట్టండి. పాస్‌పోర్టుకు ఇద్దరూ సంతకం పెడతారా, విదేశానికి తీసుకెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి అన్నవి మరిచిపోయేవే ఎక్కువ. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 మైనారిటీ, సంరక్షణ చట్టం చెబుతుంది. ఆ తర్వాత కూడా బిడ్డ మంచి కోసం కోర్టు కస్టడీని మార్చవచ్చు. "ఇకపై కస్టడీ గురించి ఎవరూ కోర్టుకు వెళ్లరు" అని రాసుకున్నా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. బిడ్డ భరణం హక్కు తల్లి వదులుకున్నా వదిలినట్టు కాదు, అది బిడ్డది.

బిడ్డ ఖర్చును నెలకు ఒకే అంకెగా పెడితే మూడేళ్లకు సరిపోదు. నెలకు 20,000తో మొదలుపెట్టి ఏటా 8 శాతం పెంచుతూ పోతే ఆరో ఏట అది సుమారు 29,390 అవుతుంది. స్కూల్ ఫీజును ఇందులో కలపకుండా తండ్రి నేరుగా స్కూలుకే కట్టేలా రాయండి. పెంపు ప్రతి జూన్‌లో మొదలవ్వాలి, ఏ ఖాతాకు, ఏ తేదీలోపు అన్నది కూడా ఉండాలి.

ఇప్పుడు మొత్తం డబ్బు. ఉదాహరణకు శాశ్వత భరణంగా 30 లక్షలు కుదిరిందనుకోండి. అంతా మొదటే ఇస్తే ఇచ్చినవాళ్లకు భయం, అంతా చివర్లో అంటే పుచ్చుకునేవాళ్లకు భయం. పరస్పర అంగీకార పిటిషన్ వేసిన రోజు 10, చివరి వాంగ్మూలం రోజు 15, క్రిమినల్ కేసు కొట్టేసిన రోజు 5 అన్నట్టు మూడు ముక్కలు చేయండి. అంగీకారాన్ని డిక్రీ వచ్చే దాకా వెనక్కి తీసుకునే వీలుందని 1991లో సురేష్టా దేవి కేసు చెప్పింది. అందుకే ఎవరైనా వెనక్కి తగ్గితే అప్పటికి తీసుకున్న డబ్బు, నగలు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా రాసుకోవాలి. ఈ ఒక్క క్లాజు లేక చెడిన ఒప్పందాలు ఎన్నో.

ఇచ్చే డబ్బుకు 'కట్నం తిరిగి ఇస్తున్నాం' అని పేరు పెట్టకండి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 చట్టం కింద నేరాలే. శాశ్వత భరణం, స్త్రీధనం అన్న మాటలే వాడండి.

డిమాండ్ డ్రాఫ్టు దగ్గర రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. డీడీ చెల్లుబాటు తీసిన తేదీ నుంచి మూడు నెలలే. ఆరు నెలల తర్వాత ఉన్న వాయిదాకు ముందే తీసి పెట్టుకుంటే ఆ రోజుకు కాలం చెల్లిపోతుంది. రెండోది పేరు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో పుట్టింటి ఇంటిపేరు ఉన్న అమ్మాయిలు చాలామంది. ఖాతాలో అక్షరం అక్షరం ఎలా ఉందో పాస్‌బుక్ నకలు చూసి డీడీ తీయండి.

ఫ్లాట్ ఉంటే

ఇద్దరి పేరా ఉన్న ఫ్లాటును ఒకరికి వదలాలంటే ముందు బ్యాంకును అడగండి. లోన్ నుంచి ఒక పేరు తీయడం ఆ బ్యాంకు చేతిలో ఉంది, మీ ఒప్పందం బ్యాంకును కట్టేయదు. మిగిలే వ్యక్తి జీతం ఆ లోనుకు సరిపోకపోతే బ్యాంకు ఒప్పుకోదు. అప్పుడు అమ్మి పంచుకోవడమే దారి. కర్ణాటకలో భార్యాభర్తల మధ్య గిఫ్ట్ డీడుకు స్టాంపు డ్యూటీలో పెద్ద రాయితీ ఉంది. విడాకుల డిక్రీ వచ్చాక మీరు భార్యాభర్తలు కారు కాబట్టి ఆ రాయితీ పోతుంది. పేరు మార్పు డిక్రీకి ముందే పూర్తవ్వాలన్నది అందుకే. ఫ్లాటు కేసులో అంశంగా లేకుండా ఒప్పందంలో మాత్రమే కనిపిస్తే, కోర్టు డిక్రీలో ఉన్నా దానికి రిజిస్ట్రేషన్ కావాలి.

సంతకాల తర్వాత

ఒప్పందం ప్రతి పేజీలో ఇద్దరి సంతకాలు, చివర లాయర్లవి, మీడియేటర్‌ది ఉండాలి. అది కోర్టు ముందుకు వెళ్లి రికార్డు అవుతుంది. విడాకులైతే హిందూ వివాహ చట్టం 13బి కింద ఉమ్మడి పిటిషన్ వేస్తారు. అప్పటికే విడాకుల కేసు నడుస్తుంటే దాన్నే పరస్పర అంగీకారం కిందకు మార్చమని అడగవచ్చు. 13బికి ఏడాదిగా విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. ఈ ఆరు నెలలు మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అందుకు విడిగా ఉన్న కాలం ఏడాదిన్నర దాటి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల విషయాలు నిజంగా తేలిపోయి ఉండాలి. మీడియేషన్ ఒప్పందం చివరి షరతుకు గట్టి ఆధారం.

క్రిమినల్ కేసును ఫ్యామిలీ కోర్టు కొట్టేయలేదు. 498ఏ కర్ణాటకలో రాజీకి వీలున్న నేరం కాదు, కాబట్టి హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని కోరేది) వేయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 528 సెక్షన్. ఏ రాష్ట్రంలో కేసు నమోదైందో ఆ రాష్ట్ర హైకోర్టే. కడపలో నమోదైన కేసును బెంగళూరు హైకోర్టు తేల్చదు. అందుకే ఒప్పందంలో ఎవరు పిటిషన్ వేస్తారు, ఖర్చు ఎవరిది, ఫిర్యాదు చేసినవాళ్లు ఎన్ని రోజుల్లో అఫిడవిట్ ఇస్తారు అన్నది ఉండాలి. అత్తమామలు, ఆడపడుచుల పేర్లు ఎఫ్ఐఆర్‌లో ఉంటే ఒక్కొక్కరి పేరూ రాయండి. "నిందితులందరూ" అని వదిలేస్తే దుబాయ్‌లో ఉన్న మరిది పేరు మిగిలిపోతుంది.

విదేశంలో ఉన్నవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

డిక్రీ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి, నాలుగైనా తీసుకోండి. క్వాష్ పిటిషన్‌కు, బ్యాంకుకు, పాస్‌పోర్టుకు వేరువేరుగా అడుగుతారు. తర్వాత పీఎఫ్, బీమా పాలసీలు, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు మార్చుకోండి. ఈ పని చివరికి నెట్టేసి, పదేళ్ల తర్వాత కూడా పాత పేరే నడుస్తున్న పీఎఫ్ ఖాతాలు చాలా ఉంటాయి.